గంట కొట్టగానే లేచి నిలబడండి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల సందర్భంగా జరిగిన ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను 1990 పదో తరగతి బ్యాచి. ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తూ పాతికేళ్లు దాటింది. ఈ సభలో ఏం మాట్లాడమంటారని కార్యదర్శిగారిని అడిగాను. "మనవాళ్లలో ఎవరిని కదిపినా మెడనొప్పి, నడుంనొప్పి అంటున్నారమ్మా. అందరూ కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్లేనాయె. దాని గురించే చెప్పు. ఇరవై నిమిషాలు దాటనివ్వకు, భోజనాలు చల్లారిపోతాయి" అన్నారు. కాబట్టి సూటిగా విషయంలోకి వస్తాను.

ముందుగా మన బడి గంటను గుర్తు చేసుకుందాం. వరండా చివర వేలాడదీసిన రైలుపట్టా ముక్క. అటెండరు తాత ఇనప కడ్డీతో కొడితే ఊరి చెరువు దాకా వినపడేది. గంట మోగగానే ఒక మాస్టారు వెళ్లేవారు, ఇంకొకరు వచ్చేవారు. ఆయన గుమ్మంలో అడుగుపెట్టగానే అందరం లేచి నిలబడి "నమస్కారం మాస్టారూ" అని సాగదీసి పాడేవాళ్లం. కూర్చోమన్నాక కూర్చునేవాళ్లం. రోజుకి ఎనిమిది పీరియడ్లంటే ఎనిమిది సార్లు లేవడం, ఎనిమిది సార్లు కూర్చోవడం. మధ్యలో ఇంటర్వెల్లు, కుళాయి దగ్గర తోపులాట, మధ్యాహ్నం అన్నానికి ఇంటికి పరుగు. లెక్క తప్పినవాళ్లకు గుంజీలు అదనం. అదంతా క్రమశిక్షణ అనుకున్నాం. పాతికేళ్లు నడుములు చూశాక నాకు అర్థమైంది, అది మన వెన్నెముకకు జరిగిన సేవ కూడా అని.

ఇప్పుడు మన ఉద్యోగాలు చూడండి. పొద్దున తొమ్మిదిన్నరకు కుర్చీలో కూర్చుంటాం. కాయితం కావాలంటే తెర మీదికే వస్తుంది. పక్క గదిలో మనిషితో మాట్లాడాలన్నా మెసేజే. మంచినీళ్ల సీసా చేతికందే దూరంలోనే. పూర్వం ఆఫీసులో ఫైలు కోసం బీరువా దాకా నడవాలి, సంతకం కోసం పై అంతస్తుకు వెళ్లాలి. ఆ నడకలన్నీ పోయాయి. గంట కొట్టే తాత లేడు. లేచి నిలబడమనే మాస్టారూ లేరు.

కూర్చుని వంగి పనిచేస్తే ఒళ్లు నొప్పులు రావడం కంప్యూటర్లతో పుట్టిన విషయం కాదు. ఇటలీలో బెర్నార్డినో రామజ్జీని అనే వైద్యుడు ఏ పనివాళ్లకు ఏ జబ్బులు వస్తాయో వివరంగా రాశాడు. ఆ గ్రంథం 1700లో మొదట అచ్చయింది, 1713లో పెంచి మళ్లీ వేశారు. రాతకోతలు చేసే గుమాస్తాల బాధలకు ఆయన మూడు కారణాలు చెప్పాడు: ఎప్పుడూ కూర్చునే ఉండడం, చెయ్యి ఒకే తీరుగా ఆగకుండా కదలడం, తప్పు పోకూడదనే మనసు ఒత్తిడి. మూడువందల ఏళ్ల తర్వాత మౌసు పట్టుకున్న మన గురించి కూడా ఇంతకంటే బాగా చెప్పలేం.

మా నాన్నగారు ఈ ఊళ్లోనే టైలరు. మీలో చాలామంది యూనిఫారాలు ఆయన కుట్టినవే. రోజుకు పన్నెండు గంటలు మిషను మీద వంగేవారు. అయినా డెబ్భై ఏళ్లు దాటేదాకా నడుం పట్టేసిందని మంచమెక్కింది తక్కువే. కారణం ఆయనకూ తెలియదు. ఒక్కో చొక్కా అవగానే లేచి నిలబడి ఇస్త్రీ చేసేవారు. బొగ్గుల కోసం వెనక పెరట్లోకి వెళ్లేవారు. కొలతలు తీయడానికి లేచేవారు. ఆయన పనిలోనే గంట ఉంది. మన పనిలో లేదు. మనమే పెట్టుకోవాలి.

ఎందుకు లేవాలో రెండు ముక్కల్లో చెబుతాను. మెడలో 7, వీపులో 12, నడుములో 5 వెన్నుపూసలు ఉంటాయి. వాటి మధ్య మెత్తల్లాగా డిస్కులుంటాయి. పెద్దయ్యాక డిస్కు లోపలి భాగానికి రక్తనాళాలు ఉండవు. పైనా కిందా ఉన్న ఎముకల నుంచి ఊటలాగా పోషకాలు అందాల్సిందే. మనం కదిలినప్పుడు ఒత్తిడి మారుతుంది, నీరు లోపలికీ బయటికీ ఆడుతుంది. పగలంతా బరువు పడి డిస్కులు కాస్త నలిగి, రాత్రి పడుకున్నాక మళ్లీ ఉబ్బుతాయి. అందుకే పొద్దున లేచినప్పుడు మనం సాయంత్రం కంటే ఒక సెంటీమీటరు పైగా ఎత్తు ఉంటాం. అనుమానం ఉంటే రేపు గోడకు గీత గీసి చూసుకోండి.

ఇక తల. పెద్దవాళ్ల తల బరువు నాలుగున్నర నుంచి ఐదు కిలోలు. నిటారుగా ఉన్నప్పుడు ఆ బరువు మెడ ఎముకల మీద నిలుస్తుంది. వంచితే వెనక కండరాలు లాగి పట్టుకోవాలి. న్యూయార్క్ వెన్నెముక సర్జన్ కెన్నెత్ హన్సరాజ్ 2014లో కంప్యూటర్ నమూనాతో ఒక లెక్క వేశారు. తలను 60 డిగ్రీలు వంచితే మెడ మీద పడే భారం సుమారు 27 కిలోలు అని తేలింది. అంటే ఒక 25 కిలోల బియ్యం సంచి కంటే ఎక్కువ. ఇది నమూనా మీద వేసిన లెక్క. వంగిన ప్రతిసారీ మెడ పాడైపోతుందని దీని అర్థం కాదు. వంగడం తప్పు కాదు, వంగి అలాగే ఉండిపోవడంతోనే చిక్కు.

ఇప్పుడు కుర్చీ, బల్ల ఎలా ఉండాలో చూద్దాం. వేలకు వేలు పెట్టి కుర్చీ కొనక్కర్లేదు. ఇంట్లో ఉన్న వస్తువులతోనే చాలా వరకు సరిచేయవచ్చు.

పాదాలు రెండూ నేలకు ఆనాలి. ఆనకపోతే కింద పీట వేసుకోండి. నడుం కుర్చీ వీపుకు తగిలేలా వెనక్కి జరిగి కూర్చోండి. నడుం దగ్గర లోపలికి వంపు ఉంటుంది కదా, అక్కడ తువ్వాలు చుట్టి పెట్టుకుంటే చాలు. మోచేతులు ఒంటికి దగ్గరగా, దాదాపు ఎల్ ఆకారంలో వంగి ఉండాలి. భుజాలు చెవుల వైపు ఎగదన్నుకొని ఉంటే బల్ల ఎత్తు ఎక్కువైందని అర్థం. మౌసు కీబోర్డు పక్కనే ఉండాలి, చెయ్యి చాచి అందుకునేటట్లు ఉండకూడదు.

తెర మీకు ఎదురుగా, చేతి పొడవు దూరంలో ఉండాలి. తెర పై అంచు కంటి ఎత్తుకు గానీ కొంచెం కిందకు గానీ ఉండాలి. మా వయసు వాళ్లకు ఒక హెచ్చరిక. బైఫోకల్, ప్రోగ్రెసివ్ అద్దాలు పెట్టుకునేవాళ్లు అద్దం కింది భాగంలోంచి చూడాలని గడ్డం పైకెత్తుతారు. సాయంత్రానికి మెడ వెనక పట్టేస్తుంది. వాళ్లు తెరను ఇంకాస్త దించుకోవాలి, లేదా కంప్యూటర్ దూరానికి వేరే కళ్లద్దాలు చేయించుకోవాలి.

ల్యాప్‌టాప్‌లో తెర, కీబోర్డు రెండూ అతికించి ఉంటాయి. తెర ఎత్తు సరిపోతే చేతులకు అందదు, చేతులకు సరిపోతే మెడ వంగుతుంది. రోజంతా దానిమీదే పనిచేసేవాళ్లు విడిగా ఒక కీబోర్డు, మౌసు కొనుక్కుని ల్యాప్‌టాప్ కింద లావుపాటి పుస్తకాలు పెట్టండి. పుస్తకాల మీద కాళ్లు మాత్రం పెట్టకండి, తెలుగు మాస్టారు ఇక్కడే ఉన్నారు. మంచం మీద దిండుకు ఆనుకుని ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకోవడం పది నిమిషాలకు సుఖం, మూడు గంటలకు శిక్ష. ఫోనును చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి టైపు చేసే అలవాటుంటే ఈ రోజే మానేయండి.

గురువులకు కూడా ఒక మాట. పేపర్లు దిద్దేటప్పుడు మీ మెడా ఇలాగే వంగుతుంది. పూర్వం కిరాణా కొట్టు గుమాస్తా ముందు వాలుగా ఉండే చెక్కబల్ల ఉండేది. దాని మీద ఖాతా పుస్తకం పెడితే కాయితమే కళ్ల దగ్గరికి వచ్చేది. ఒక అట్టను వాలుగా పెట్టుకుని పేపర్లు దిద్దండి, తేడా మీకే తెలుస్తుంది.

ఇదంతా సరిగ్గా అమర్చుకున్నా సగం పనే అయింది. ఎంత మంచి భంగిమైనా గంటన్నర కదలకుండా ఉంటే చెడ్డదే అవుతుంది. అందుకే అరగంటకోసారి ఫోనులో గంట పెట్టుకోండి. మోగగానే లేచి నిలబడండి. ఒకటి రెండు నిమిషాలు చాలు. నీళ్ల సీసా బల్ల మీద నుంచి తీసేసి దూరంగా పెట్టండి. ఫోనొస్తే నిలబడి మాట్లాడండి. కళ్ల కోసం 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూడమంటారు కంటి డాక్టర్లు. రెండూ కలిపి చేసుకోవచ్చు.

లేచినప్పుడు చేయడానికి నాలుగే నాలుగు కదలికలు. ఒకటి, తల వంచకుండా గడ్డాన్ని నేరుగా వెనక్కి లాగి ఐదు సెకన్లు ఉంచండి. అద్దంలో చూస్తే జంట గడ్డం కనిపిస్తుంది, ఫరవాలేదు. రెండు, వెనక రెక్కలు రెండూ దగ్గరికొచ్చేలా భుజాలు వెనక్కి లాగి ఐదు సెకన్లు. మూడు, రెండు అరచేతులూ నడుం మీద ఆనించి మెల్లగా వెనక్కి వంగడం. నాలుగు, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం. మొదటి మూడూ ఐదేసి సార్లు, నాలుగోది పదిసార్లు. నాలుగోదాన్ని మన డ్రిల్లు మాస్టారు గుంజీలు అనేవారు, నేను వ్యాయామం అని చెప్పి ఫీజు తీసుకుంటున్నాను. చేస్తుంటే నొప్పి కాలిలోకి గానీ చేతిలోకి గానీ పాకితే ఆపేసి, చూపించుకోండి.

ఇవి కాక వారానికి 150 నిమిషాలైనా చురుగ్గా నడవాలని, రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజుకు అరగంట చొప్పున వారానికి ఐదు రోజులు నడిస్తే ఆ లెక్క సరిపోతుంది.

నొప్పి వచ్చేసినవాళ్ల సంగతి. 2020లో ప్రపంచంలో 61 కోట్ల 90 లక్షల మందికి నడుంనొప్పి ఉందని అంచనా. అందులో చాలా భాగం ప్రమాదం లేనిదే. కొత్తగా వచ్చిన నొప్పి ఎక్కువమందికి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. పూర్తిగా మంచానికే అతుక్కుపోతే మాత్రం తగ్గడం ఆలస్యమవుతుంది. ఓర్చుకోగలిగినంత వరకు తిరుగుతూ ఉండాలి. బెల్టులు, మెడకు కాలర్లు డాక్టరు చెప్పకుండా నెలల తరబడి వాడవద్దు.

స్కాను కాయితం చూసి బెంగపడేవాళ్లకు ఇంకొక మాట. నా దగ్గరకు ఇరవై ఆరేళ్ల అబ్బాయి వచ్చాడు. ఎమ్మారై రిపోర్టులో డిస్కు అరిగిందని ఉందట. ఏడాది పాపను నాలుగు నెలలుగా ఎత్తుకోలేదు, ఎత్తుకుంటే నడుం విరిగిపోతుందని భయం. నొప్పే లేనివాళ్ల స్కానులను పోగుచేసి 2015లో ఒక సమీక్ష ప్రచురించారు. నొప్పి లేని ఇరవై ఏళ్లవాళ్లలోనే 37 శాతం మందికి డిస్కు అరుగుదల కనిపించింది. ఎనభై ఏళ్లవాళ్లలో 96 శాతం. అంటే అది చాలావరకు తల నెరవడం లాంటిది. ఆ అబ్బాయికి మొదట రెండు కిలోల సంచి ఎత్తడం నేర్పాను, తర్వాత ఐదు, తర్వాత ఎనిమిది. రెండు నెలలకు పాపను చంకనెత్తుకునే వచ్చాడు.

కానీ భయపడాల్సినవి కూడా కొన్ని ఉన్నాయి. అవి చెప్పాలంటే నా తప్పు ఒకటి చెప్పాలి.

మా బ్యాచి మిత్రుడు ఒకరు సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తారు. కరోనా రోజుల్లో ఇంటి నుంచే పని. మంచమే ఆఫీసు, రోజుకు పన్నెండు గంటలు. నెల రోజులుగా నడుంనొప్పి, కుడికాలు లాగడం. ఒక శనివారం రాత్రి నాకు ఫోను చేశారు. "డాక్టరమ్మా, ఇవాళ రెండు కాళ్లూ తిమ్మిరెక్కుతున్నాయి, ఏం చేయమంటావ్?" నేను డాక్టరును కానని ఎన్నిసార్లు చెప్పినా అలాగే పిలుస్తారు. నేనేమో వంట మధ్యలో ఉన్నాను. "కాపడం పెట్టుకో, పడుకో, సోమవారం వచ్చి కనిపించు" అని పెట్టేశాను.

ఒక కాలి నొప్పి రెండు కాళ్లకూ పాకిందంటే వెంటనే అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. నేను అడగలేదు. ఆ పొద్దుటి నుంచే ఆయనకు మూత్రం సరిగా రావడం లేదు. ఆడపిల్లకు, అందులోనూ కలిసి చదువుకున్న పిల్లకు ఎలా చెప్పడమని ఆయన మొహమాటపడ్డారు. ఆదివారం రాత్రికి అసలే ఆగిపోయింది. భార్య ఆసుపత్రికి తీసుకెళ్లారు. జారిన డిస్కు నడుం కింది నరాల కట్టను నొక్కేసిందని తేల్చి, తెల్లవారేసరికి ఆపరేషను చేశారు. మామూలు మనిషి కావడానికి నెలలు పట్టింది. ఎడమ పాదం ఇప్పటికీ పూర్తిగా పైకి లేవదు.

మంచం మీద పని చేసినందుకే డిస్కు జారిందని నేను చెప్పలేను. ఒకరోజు ముందు వెళ్లి ఉంటే ఆ పాదం బాగుండేదా అన్నదీ ఎవరూ ఖచ్చితంగా చెప్పలేరు. అడగాల్సింది నేను అడగలేదన్నది మాత్రం ఖాయం. ఈ సభలో చెప్పవచ్చా అని ఆయన్ను అడిగాను. "చెప్పు. పేరు మాత్రం చెప్పకు. అయినా భోజనాలకు లేచినప్పుడు నా నడక చూసి అందరికీ తెలిసిపోతుందిలే" అన్నారు.

కాబట్టి ఇవి రాసుకోండి. నడుంనొప్పితో పాటు మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, విరేచనం మీద పట్టు తప్పినా, మలమూత్ర ద్వారాల చుట్టూ, తొడల లోపలి వైపు మొద్దుబారినా, తిమ్మిరి రెండు కాళ్లకూ పాకినా, కాలు బలహీనపడుతున్నా సోమవారం దాకా ఆగకండి. అర్ధరాత్రైనా పెద్దాసుపత్రికి వెళ్లండి. మెడనొప్పితో చేతులు పట్టు తప్పి వస్తువులు జారిపోతున్నా, నడక తూలుతున్నా ఆలస్యం చేయవద్దు. జ్వరంతో కలిసి వచ్చే నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రిళ్లు పడుకున్నా తగ్గని నొప్పి, ఇంతకుముందు క్యాన్సర్ వచ్చినవాళ్లకు కొత్తగా వచ్చిన నొప్పి, పెద్దవాళ్లు పడ్డాక వచ్చిన నొప్పి, ఇవన్నీ డాక్టరుకు త్వరగా చూపించాల్సినవే.

మీ పిల్లలు హైదరాబాదులోనో, బెంగళూరులోనో, అమెరికాలోనో ఉండి ఫోనులో "నడుం నొప్పమ్మా" అంటే "ఆ, కూర్చుని కూర్చునే" అని తోసెయ్యకండి. మొహమాటం లేకుండా ఈ ప్రశ్నలు అడగండి. వాళ్లు సిగ్గుపడితే మీరే తేలిగ్గా అడగండి. మర్యాద కోసం దాచుకునే విషయం కాదిది.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. నిజంగానే ఇరవై నిమిషాలు దాటింది. ఇంతసేపూ మీరంతా కదలకుండా కూర్చునే ఉన్నారు, నేనేమో లేవమని చెబుతూనే ఉన్నాను. ఇప్పుడు ఆ రైలుపట్టా లేదు, ఆ తాతా లేడు. మన ముందు వరుసలో గురువులున్నారు. అది చాలు.

అందరూ దయచేసి లేచి నిలబడండి. గడ్డం ఒకసారి వెనక్కి లాగండి. భుజాలు వెనక్కి. నడుం మీద చేతులు పెట్టి మెల్లగా వెనక్కి వంగండి. చాలు. ఇప్పుడు రెండు చేతులూ జోడించి, ఎనిమిదో క్లాసులో ఎలా అనేవాళ్లమో అలాగే, సాగదీసి అందాం.

నమస్కారం మాస్టారూ!

ఇక భోజనాలకు పదండి. వడ్డించేవాళ్లు పిలుస్తున్నారు. సెలవు.